మూడువేళ్ళ వదులు

దుకాణంలో పద్నాలుగు గుడారాలు వేసి పెట్టారు. ఒక్కటీ నేలకు బిగించి లేదు. గచ్చు మీద మేకు దిగదు కనుక ఇసుక సంచులకు తాళ్ళు కట్టి నిలబెట్టారు. గుడారం మంచిచెడ్డలు గాలిలో తెలుస్తాయి. అక్కడ ఫ్యాను గాలి తప్ప మరో గాలి లేదు.

"ఇది ఐదు నిమిషాల్లో లేస్తుంది సార్," అన్నాడు దుకాణం మనిషి.

"పడడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. అల్లుడు ఆ మనిషి వైపు తిరిగి, "మామయ్యగారు తమాషాకి అంటారు," అన్నాడు. నేను తమాషాకి ఏదీ అనను. పెళ్ళయి నాలుగేళ్ళయినా అల్లుడికి ఆ సంగతి తెలియలేదు.

నేను ముప్పై నాలుగేళ్ళు కాన్వాసు కుట్టాను. ఊళ్ళో బడి ఏడో తరగతితో అయిపోయింది. ఆ మరుసటి ఏడే కాన్వాసు కుట్టే షెడ్డులో చేరాను. లారీల మీద కప్పే పట్టాలు, సంతల్లో దుకాణాల పైకప్పులు, రోడ్లు వేసేవాళ్ళ గుడారాలు, అన్నీ కుట్టాం. గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి ఎన్ని వానలు కాస్తుందో చెప్పగలను. అందుకే నన్ను వెంట తెచ్చారనుకున్నాను. అసలు కారణం వేరే ఉందని కాసేపటికి తెలిసింది.

అల్లుడు బీమా ఆఫీసులో పని చేస్తాడు. పొడుగాటి పాత కారొకటి కొన్నాడు. కారున్నవాళ్ళంతా ఇంట్లో మంచాలు వదిలేసి, కారేసుకుని పోయి, ఏ చెరువు పక్కనో గుడారం వేసుకుని పడుకుంటున్నారట. అల్లుడికీ ఆ సరదా పుట్టింది. నెల రోజులుగా ఫోనులో వీడియోలు చూస్తున్నాడు. వీడియోలు చూసినవాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, పని రాకపోయినా మాటలన్నీ వచ్చేస్తాయి.

"ఇది చూడండి మామయ్యా," అని నారింజ రంగు నైలాను గుడారం ఒకటి చూపించాడు. "చాలా తేలిక."

"మోసేది నువ్వా, కారా?"

"కారే అనుకోండి."

"మరి కారు బరువని ఏమైనా గొణిగిందా?"

అల్లుడు దాన్ని వదిలేశాడు. పాపం, వాదన రాదు. నేను కాన్వాసు గుడారాల దగ్గరికి నడిచాను. అవి మూడే ఉన్నాయి, మూలన, ఎవరూ చూడని చోట. మొదటిదాని లోపలికి దూరి మూలలు చూశాను. గుడారం చిరిగితే మూలల్లోనే చిరుగుతుంది. తాడు లాగేది అక్కడ. రెండో పొర గుడ్డ వేసి కుట్టాలి. దీనికి వెయ్యలేదు. రెండోదానికి రెండో పొర ఉంది కానీ తాడు దూర్చే ఇత్తడి కన్ను గోరుతో తిప్పితే తిరుగుతోంది. మూడోది పరవాలేదు. అంగుళానికి ఏడు కుట్లు పడ్డాయి. అడుగున బురద పట్టీ వెడల్పుగా ఉంది. నిలువు కర్రలు రెండు ముక్కలుగా ఉండి మధ్యలో ఇనప గొట్టంతో అతుక్కుంటాయి. నాకు ఆ అతుకు నచ్చలేదు. కానీ ముక్కలు చెయ్యకపోతే కారులో పట్టవు.

"తాళ్ళు నైలానువి ఇస్తున్నాం సార్, స్ట్రాంగ్," అన్నాడు దుకాణం మనిషి.

"నూలు తాళ్ళు ఇవ్వు."

"అవి పాతకాలం సార్."

"నేనూ అంతే. ఇవ్వు."

నైలాను తాడు చేతిని కోస్తుంది. ముడి జారుతుంది. నూలు తాడుకు ముడి వేస్తే వేసినచోటే ఉంటుంది. మేకులు కూడా సన్నటి తీగలాంటివి చూపించాడు. కంపెనీ ఇచ్చినవే అన్నాడు. కంపెనీవాడు ఇందులో పడుకోడు కదా అని, అడుగు పొడుగు ఇనప మేకులు తీయించాను.

"ఇలాంటివి రెండు," అంది అమ్మాయి దుకాణం మనిషితో.

"రెండెందుకు?" అన్నాను.

"ఒకటి మాకు. ఒకటి నీకూ మామయ్యకూ."

దుకాణం మనిషి బిల్లు రాయడానికి వెళ్ళిపోయాడు. అల్లుడు లాంతర్ల అర దగ్గరికి వెళ్ళి, లాంతర్లు ఎన్నడూ చూడనట్టు చూడసాగాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు.

అమ్మాయి మామయ్య అంటే నా బావమరిది. నా భార్యకు ఒక్కడే తమ్ముడు. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా వాళ్ళింట్లో అందరికీ చిన్నోడే. నా భార్య పోయి అయిదేళ్ళయింది. పోయే ముందు ముప్పై ఒక్క రోజులు ఆసుపత్రిలో ఉంది. కళ్ళు తెరిచినప్పుడల్లా తమ్ముడొచ్చాడా అని అడిగేది. నేను వరండాలోకి వచ్చి ఫోను చేసేవాణ్ణి. "రేపొస్తా బావా," అనేవాడు. ఉండేది అదే ఊళ్ళో. రెండు బస్సులు మారితే చాలు. ముప్పై రెండో రోజు వచ్చాడు, పళ్ళ సంచి పట్టుకుని. ఆ పళ్ళు ఎవరికని నేను అడగలేదు. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడలేదు.

"నేను రాను," అన్నాను.

"వస్తావు నాన్నా." అమ్మాయి గొంతు పెంచలేదు. తల్లి కూడా అంతే, కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించేది. "నువ్వు ఆయనతో మాట్లాడకు. నేను అడగను. కానీ కిందటిసారిలా నాతో అంటున్నట్టు ఆయన్ని మాటలతో పొడిచి పొడిచి వెళ్ళగొట్టావనుకో, ఇక ఆదివారాలు నేను నీ ఇంటికి రాను. ఫోనులోనే మాట్లాడుకుందాం."

"వాడి కోసం నన్ను వదిలేస్తావా?"

"అమ్మ నవ్వు ఇప్పుడు ఆ ఒక్క మొహం మీదే ఉంది. నీకు చూడాలని లేకపోవచ్చు. నాకుంది."

నాకు ఆదివారాలు తప్ప వేరే లేవు. ఆ సంగతి దానికి తెలుసు, నాకు తెలుసు. మిగతా ఆరు రోజులు ఆదివారం కోసం ఇల్లు ఊడుస్తాను. అల్లుడు లాంతరు ఒకటి పట్టుకుని వచ్చాడు. అది కూడా కొన్నారు.

*

శనివారం పొద్దున్నే బయల్దేరాం. బావమరిది వాళ్ళ వీధి మొగలో గొడుగు, సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. సమయానికి వచ్చినందుకు నాకు మరింత ఒళ్ళు మండింది. రాగలిగినవాడే అన్నమాట.

"బావా, బాగున్నావా?" అంటూ పక్కన కూర్చున్నాడు.

నేను కిటికీ వైపు తిరిగాను. దారి పొడుగునా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. స్కూలు వ్యాను నడిపేవాడు. ఏ పిల్ల ఏ మలుపులో వాంతి చేసుకుందో కథలు కథలుగా చెబుతుంటే అమ్మాయి పడీ పడీ నవ్వింది. రెండు గంటలు అద్దంలోంచి కొండలు చూసి నా మెడ పట్టేసింది.

గుడారాలు వేసుకునే చోటు చెరువు ఒడ్డున ఒక పల్లపు మైదానం. తెల్ల సున్నం కొట్టిన రాళ్ళతో గళ్ళు గళ్ళుగా విడదీశారు. గడికొక నంబరు, నాలుగు గళ్ళకొక కుళాయి. గేటు దగ్గర కాపలా గది, గేటు బయట రోడ్డు మీద బస్సు ఆగే చోట చిన్న రేకుల నీడ. మా గడి నంబరు ఇరవై రెండు.

"ఇక్కడ కాదు, ఆ పైన," అన్నాను. ఇరవై రెండో గడిలోనే ఒక మూల కాస్త ఎత్తుగా ఉంది. నీళ్ళు పల్లానికి పోతాయి. గుడారం పల్లంలో వేస్తే నీళ్ళు గుడారంలోకి పోతాయి.

"వీడియోలో చెట్టు కింద వెయ్యమన్నారు మామయ్యా, నీడకి."

"చెట్టు కొమ్మ విరిగితే వీడియోవాడు వచ్చి తీస్తాడా?"

అల్లుడు కారు వెనక్కి తిప్పాడు.

పని పంచుకున్నాం. మా గుడారం నేనూ అల్లుడూ, వాళ్ళ గుడారం అమ్మాయీ బావమరిదీ. అమ్మాయి కావాలనే అలా పంచింది, మేమిద్దరం ఒకే తాడు చివర్లు పట్టుకోకుండా. తెలివైనది. ముందు నేల గుడ్డ పరిచాం. మూలలకు నాలుగు మేకులు. తర్వాత కర్రలు అతికి నిలబెట్టి, అటూ ఇటూ తాళ్ళు లాగి బిగించాలి. చెప్పడానికి ఇంతే. అల్లుడితో చెయ్యడానికి గంటన్నర పట్టింది.

మొదటి మేకు తల గుడారం వైపు వాల్చి కొట్టాడు.

"ఎటు లాగుతుంది తాడు?"

"ఇటు."

"మరి మేకు ఇటే వాలితే ఏమవుతుంది?"

ఆలోచించాడు. "ఊడొస్తుంది."

"తెలిసే కొట్టావా?"

పీకి, తల బయటికి వాల్చి మళ్ళీ కొట్టాడు. రెండో మేకు వేలి మీద కొట్టుకున్నాడు. మూడోది రాయికి తగిలి వంగింది. అడుగు పక్కకి జరిపి కొట్టరా బాబూ అంటే, జరిపితే కొలత తప్పుతుంది కదండీ అన్నాడు. వీడియోలో కొలత చెప్పారట. రాయికి ఆ కొలత ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంతలో పక్కన చూస్తే బావమరిది మేకు నిట్టనిలువుగా దించుతున్నాడు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"బాబూ, మీ బాబాయిగారికి చెప్పు. మేకు నిలువుగా దించకూడదని," అన్నాను అల్లుడితో.

బావమరిది నాకు రెండు బారల దూరంలో ఉన్నాడు. "విన్నా బావా," అన్నాడు.

"విన్నానంటున్నారు మామయ్యా," అన్నాడు అల్లుడు, ఎంతో మర్యాదగా.

"నాకు చెవుడు లేదు."

"చెవుడు లేదంటున్నారు బాబాయిగారూ."

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావమరిది మేకు పీకి వాల్చి కొడుతూ, "అబ్బాయ్, నీకు తెలీదు. మా బావ మేకుని తిట్టి దించుతాడు. సుత్తి ఊరికే అలంకారం," అన్నాడు.

నేను మరో మేకు అందుకున్నాను. వాడు మూడేళ్ళు నా దగ్గర షెడ్డులో పని నేర్చుకున్నాడు, పంతొమ్మిదేళ్ళప్పుడు. అక్క బతిమాలితే పెట్టుకున్నాను. నాలుగో ఏడు చెప్పకుండా మానేసి వ్యాను ఎక్కాడు. మూడేళ్ళలో వాడు నేర్చింది టీ ఎవరు బాగా పెడతారో ఒకటే అని షెడ్డులో అందరితో అన్నాను. ఇప్పటికీ అదే నా అభిప్రాయం. అంటే, ఆ మధ్యాహ్నం దాకా.

పన్నెండున్నరకు రెండు గుడారాలూ లేచాయి. రొట్టె, ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపలు తిన్నాం. బావమరిది తినేటప్పుడూ నోరు మూయలేదు. తర్వాత ముగ్గురూ చెరువు చూడ్డానికి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. గిన్నెలు కడుగుతానన్నాను.

గిన్నెలు కడిగి వచ్చి, వాళ్ళ గుడారం చుట్టూ తిరిగాను. ఎనిమిది తాళ్ళు. ఎనిమిదీ వదులే. వేలితో కదిపితే ఊగుతున్నాయి. తాడుకున్న చెక్కముక్క పైకి జరిపితే బిగుస్తుంది. ఒక్కటీ పూర్తిగా జరపలేదు. నాకు ఎక్కడో ఉన్న కోపం అక్కడికి వచ్చి కూర్చుంది. వాడు ఏ పనైనా ఇంతే. ముప్పావు చేసి వదిలేస్తాడు. మిగతా పావు రేపు. నా కూతురు పడుకునే గుడారానికి కూడా అదే బద్ధకం.

ఎనిమిది తాళ్ళూ బిగించాను. మోకాలు నేల కానించి, చెక్కముక్క ఎంతవరకు పోతే అంతవరకు జరిపాను. చిటికె వేస్తే మోగేటట్టు. గుడ్డ మీద ఒక్క ముడత లేకుండా పోయింది. లేచి, దూరంగా నిలబడి చూసుకున్నాను. చాలా బాగుంది అనుకున్నాను. కొండ వెనక మబ్బు పట్టి ఉంది. అది కూడా చూశాను. చూశానే కానీ ఏమీ ఆలోచించలేదు.

*

నాలుగింటికి వాన మొదలైంది. అమ్మాయీ అల్లుడూ వాళ్ళ గుడారంలోకి, బావమరిది మా గుడారంలోకి పరిగెత్తారు. నేను కారులో కూర్చున్నాను. వాడి పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే కంటే స్టీరింగు చూస్తూ కూర్చోవడం నయం.

కారు అద్దంలోంచి రెండు గుడారాలూ పక్కపక్కన కనిపిస్తున్నాయి. తాళ్ళు తడిసి రంగు మారాయి. మా గుడారం తాళ్ళు, నేను కట్టినవి, మెల్లగా వదులు పోయి తిన్నగా అయ్యాయి. ఎంత బిగువు ఉండాలో అంతకు వచ్చి ఆగాయి. నూలు తాడు తడిస్తే కుంచించుకుపోతుంది. గుడ్డా అంతే. అందుకని కట్టేటప్పుడే మూడువేళ్ళు పట్టేంత వదులు వదలాలి. షెడ్డులో చేరిన ప్రతివాడికీ నేను మొదటి వారం నేర్పే పాఠం అది. నా గుడారానికి నేను వదిలాను. వదులుతున్నానని కూడా అనుకోలేదు. చేతులు వాటంతటవే వదిలాయి.

అప్పుడు వాళ్ళ గుడారం తాళ్ళ వైపు చూశాను. అవి కుంచించుకుపోవడానికి ఏమీ మిగల్లేదు.

వాడు వదిలింది మూడువేళ్ళు. ఎనిమిది తాళ్ళకూ ఒకే మూడువేళ్ళు. ముప్పై తొమ్మిదేళ్ళ కింద నేను నేర్పింది. బద్ధకం అనుకున్నాను. కొలత అని నాకు తోచలేదు.

తలుపు తీసుకుని దిగేలోపే చప్పుడైంది. ఎనిమిది వైపుల నుంచీ తాళ్ళు కిందికి లాగుతుంటే ఆ బరువంతా నిలువు కర్ర అతుకు మీద పడింది. ముందు కర్ర అతుకు దగ్గర విరిగింది. గుడారం మొహం ఒక్కసారిగా కూర్చుండిపోయింది. లోపల అమ్మాయి అరిచింది.

నాకంటే ముందు బావమరిది చేరాడు. గుడ్డ ఎత్తిపట్టుకుని, "ఇటు, ఇటు రండి," అంటున్నాడు. అమ్మాయి పాకుతూ వచ్చింది. వెనక అల్లుడు, ఎడమ కనుబొమ మీద చెయ్యి పెట్టుకుని. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. విరిగిన కర్ర తగిలింది. కారు వెనక తలుపు ఎత్తి దాని కింద కూర్చోబెట్టాం. అమ్మాయి తువ్వాలు నొక్కిపట్టింది. తెగింది చర్మమే, పెద్దది కాదు. అరంగుళం కిందికి తగిలితే కన్ను.

"ఏం లేదు, ఏం లేదు," అంటున్నాడు అల్లుడు. "వీడియోలో ఇది చెప్పలేదు."

అమ్మాయి నవ్వలేదు. నిలబడి ఉన్న మా గుడారం చూసింది. కూలిన తమ గుడారం చూసింది. తర్వాత వాళ్ళ మామయ్యను చూసింది.

"నాన్న కట్టింది నిలబడింది," అంది, గొంతు తగ్గించి. "ఏం మామయ్యా, ఒక్క పని, ఒక్కటంటే ఒక్క పని సరిగ్గా చెయ్యలేవా? ఆయన కన్ను పోయేది."

బావమరిది వెళ్ళి పడిపోయిన గుడారం తాడొకటి పట్టుకున్నాడు. వేలితో నొక్కాడు. వెనక కర్ర పడలేదు, ఆ వైపు తాడు ఇంకా ఇనప తీగలా ఉంది. చెక్కముక్క ఎక్కడుందో చూశాడు. పైదాకా జరిపి ఉంది. తలెత్తి నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే ఒప్పుకున్నట్టే.

"అవునమ్మా," అన్నాడు అమ్మాయితో. "నా వల్లే. పొరపాటైంది."

సంచి, గొడుగు తీసుకున్నాడు. ఆరింటికి బస్సుందని, పొద్దున వచ్చేటప్పుడు బోర్డు చూశానని అన్నాడు. అల్లుడు వద్దు బాబాయిగారూ అంటున్నాడు. అమ్మాయి తువ్వాలు మీంచి తల ఎత్తలేదు. వాడు గొడుగు వేసుకుని గేటు వైపు నడిచాడు. పాంటు అంచులు మడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

నేను కారుకి ఆనుకుని నిలబడి లెక్క చూసుకున్నాను. వాడు వెళ్ళిపోతున్నాడు. నేను వెళ్ళగొట్టలేదు, ఒక్క మాట అనలేదు. ఆదివారాలు ఎక్కడికీ పోవు. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. అయిదేళ్ళ నుంచి అదే పనిలో ఉన్నాను.

"ఎప్పుడూ ఇంతే," అంది అమ్మాయి, తువ్వాలు మడత మార్చి నొక్కుతూ. "నువ్వు చెబుతూనే ఉన్నావు. నేనే వినలేదు. ఆ తాళ్ళు కట్టేటప్పుడే అడిగాను, వదులుగా ఉన్నాయేమిటి మామయ్యా అని. ఇలాగే ఉండాలి అన్నాడు. ఏమీ తెలీదు, తెలిసినట్టు."

అక్కడే తట్టుకోలేకపోయాను. వాడిని ఏమన్నా నాకు పరవాలేదు. ఇంకా రెండు అన్నా వింటాను. కానీ ఆ రోజు ఆ మైదానంలో అందరం కలిసి చేసిన పనుల్లో సరైన పని అదొక్కటే. దాన్ని తప్పంటుంటే చెవుల్లో రంపం పెట్టినట్టు ఉంది.

"అలాగే ఉండాలి," అన్నాను.

"ఏమిటి?"

"తాళ్ళు. వదులుగానే ఉండాలి. వానకి బిగుస్తాయి. వాడు సరిగ్గా కట్టాడు. మీరు చెరువుకి వెళ్ళినప్పుడు నేను బిగించాను."

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. అల్లుడు తువ్వాలు తనే పట్టుకున్నాడు.

"నీకు తెలీదా, బిగించకూడదని?"

"తెలుసు."

"మరి ఎందుకు బిగించావు?"

"వాడు కట్టాడని."

వాన ఎత్తిన కారు తలుపు మీద పడుతోంది. అమ్మాయి నా వైపు తిరిగింది. కోప్పడితే బాగుండును. కోప్పడలేదు.

"నేను ఏం చెప్పానో గుర్తుందా నాన్నా?"

"ఉంది."

"గుర్తుండే చెప్పావా?"

"నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి. గుడారం కూలింది మాత్రం నా వల్ల."

"ఆ మాట నాకు కాదు చెప్పాల్సింది," అంది. మళ్ళీ తువ్వాలు అందుకుంది.

*

గేటు దాకా ఆరు వందల అడుగులుంటుంది. నా చెప్పులు బురదలో దిగబడుతున్నాయి. నేను గొడుగు తెచ్చుకోలేదు. వాన పడుతుందని అనుకోని మనిషిని, మబ్బు చూసి కూడా.

రేకుల నీడలో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సంచి ఒళ్ళో ఉంది.

"లే," అన్నాను. అయిదేళ్ళలో వాడితో అన్న మొదటి మాట.

అటూ ఇటూ చూశాడు. "ఎవరితో అంటున్నావు బావా? అబ్బాయి ఇక్కడ లేడే, అందించడానికి."

"నీతోనే. లే. అమ్మాయికి చెప్పేశాను, బిగించింది నేనేనని."

"చెప్పడమెందుకు? ఎలాగూ పోతున్నాను కదా. నీకు హాయి."

"నువ్వెందుకు నెత్తిన వేసుకున్నావు?"

గొడుగు కొన నేలకు కొట్టి నీళ్ళు దులిపాడు. "ఆదివారం పొద్దున్నుంచీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటావట. అమ్మాయి చెప్పింది. అది రానంటే ఆ కుర్చీ ఏం చేసుకుంటావు?"

ఒళ్ళు మండింది. "నా మీద జాలి పడుతున్నావా?"

"నీ మీద జాలి పడే ధైర్యం నాకెక్కడిది బావా? మేకులే నిన్ను చూసి నేలలోకి పోతాయి."

"నిన్ను నేను క్షమించలేదు. తాళ్ళ సంగతి వేరు, అది వేరు."

"నేను అడగలేదు కదా."

"అడగవు. ముప్పై ఒక్క రోజులు. రోజూ అడిగింది నీ కోసం."

గొడుగు కొట్టడం ఆపాడు. వాడి నోరు అంతసేపు మూసుకుని ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

"దానికి నా దగ్గర జవాబు లేదు," అన్నాడు చివరికి. "ఉంటే ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు చెప్పేవాణ్ణి. వచ్చేవాణ్ణి ఆసుపత్రి గేటు దాకా. వచ్చి తిరిగిపోయేవాణ్ణి. అది జవాబు కాదు."

కాదు. కానీ కనీసం అది జవాబు కాదని వాడికి తెలుసు. వ్యాను పాడైందనో, జ్వరమొచ్చిందనో సాకు చెప్పి ఉంటే అక్కడే వదిలేసి వచ్చేవాణ్ణి.

"ఆ విరిగిన కర్ర తీసి, కారు పైకప్పుకి తాడు కట్టి గుడారం ముందు భాగం లేపాలి," అన్నాను. "అల్లుడి కన్ను వాచింది, చూపు సరిగ్గా లేదు. కన్ను బాగున్నప్పుడే వాడికి మేకు ఎటు వాలాలో కనపడదు. నాకు ఒక్కడికి అవదు."

"అంటే రమ్మంటున్నావా?"

"అర్థం కాలేదా?"

"అర్థమైంది. వినడానికి బాగుందని మళ్ళీ అడిగా."

లేచాడు. గొడుగు నా మీదికి జరిపాడు. నేను పక్కకి జరిగాను. మళ్ళీ జరిపాడు. ఆరు వందల అడుగులూ ఇదే. ఇద్దరం సగం సగం తడిసి, ఎవరికీ ఉపయోగం లేకుండా చేరాం. దారిలో, పిల్లల్ని దింపేటప్పుడు ఒకసారి వ్యాను తలుపు ఊడిపోతే నూలు తాడుతో ఎలా కట్టాడో మొదలుపెట్టాడు. ఆ కథకి అంతం లేదు.

వాన తగ్గే వేళకి గుడారం లేపాం. వాడు కారు వైపు తాడు కట్టాడు, నేను మేకు వైపు. వాడు వదిలిన వదులు నేను వేళ్ళు పెట్టి చూశాను. మూడే. సరిగ్గా ఉన్నదాన్ని సరిగ్గా ఉందని చెప్పే అలవాటు నాకు లేదు. అల్లుడు కనుబొమ మీద పట్టీతో కారు డిక్కీ అంచు మీద కూర్చుని, ఇదంతా ఫోనులో వీడియో తీస్తున్నాడు.

అమ్మాయి టీ గ్లాసులు తెచ్చింది. మామయ్యకి ముందిచ్చింది. "తొందరపడి అన్నాను మామయ్యా," అంది. వాడు దాని తల మీద చెయ్యి వేసి, పొరపాటు ఎవరిదైనా టీ మాత్రం బాగుంది అన్నాడు. నవ్వాడు. నేను గ్లాసులోకి చూశాను.

తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"చెప్పిన మాట చెప్పిన మాటే నాన్నా. ఆదివారాలు నేను నీ ఇంటికి రాను."

"సరే."

"మామయ్య ఇంటికి వెళ్తాను. పదింటికల్లా అక్కడుంటాను, సాయంత్రం దాకా. నన్ను చూడాలనుంటే నువ్వే అక్కడికి రా."

నేను టీ పూర్తిగా తాగి గ్లాసు కారు మీద పెట్టాను. "వాడిది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు."

"తెలుసు," అంది. "మెల్లగా ఎక్కు."